పోకర్: పేకముక్కలకు ధర కట్టే ఆట

పోకర్ 52 ముక్కల పేకతో ఆడే పందెపు ఆట. రమ్మీలో ముక్కలు కుదిరినవాడే షో చెబుతాడు. పోకర్‌లో ముక్కలు కుదరనివాడు కూడా పందెం మొత్తం ఎత్తుకుపోవచ్చు. తక్కినవాళ్ళంతా ముక్కలు పడేసి తప్పుకుంటే చాలు, మిగిలినవాడు తన చేతిలో ఏముందో చూపించనక్కర్లేదు. ఈ ఆటలోని బుకాయింపు, ఓపిక, లెక్క అన్నీ ఈ ఒక్క నియమంలోంచే పుట్టాయి.

పోకర్ పేరుతో చాలా ఆటలున్నాయి. ఐదు ముక్కలు పంచి కొన్ని మార్చుకోనిచ్చేది డ్రా పోకర్. కొన్ని ముక్కలు బోర్లా, కొన్ని వెల్లకిలా పంచేది స్టడ్. నాలుగు ముక్కలు పంచేది ఒమాహా. వీటన్నిటినీ వెనక్కి నెట్టి ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్నది టెక్సస్ హోల్డెమ్. ఈ వ్యాసంలో పోకర్ అంటే ప్రధానంగా అదే.

పుట్టుక

పోకర్ 19వ శతాబ్దం తొలినాళ్ళలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ రేవు ప్రాంతంలో రూపుదిద్దుకుంది. ఫ్రెంచివాళ్ళు ఆడే పోక్, జర్మన్లు ఆడే పోఖెన్ దీనికి దగ్గరి చుట్టాలు. పేరు కూడా అటునుంచే వచ్చిందని ఎక్కువమంది చరిత్రకారుల మాట. పారశీకుల ఆస్-నాస్ ఆటే దీనికి తల్లి అని చాలాకాలం ప్రచారంలో ఉండేది గాని, దాన్ని ఇప్పుడు అంతగా నమ్మడం లేదు. జోసెఫ్ కవెల్ అనే ఇంగ్లిషు నటుడు 1829లో మిసిసిపీ నది మీద ఆవిరి పడవలో చూసిన ఆటను తన జ్ఞాపకాల్లో వర్ణించాడు. అప్పటి పేకలో ఉన్నవి 20 ముక్కలే: ఆసు, రాజు, రాణి, జాకీ, పది. నలుగురికి తలా ఐదు పంచితే పేక ఖాళీ. ఆడేవాళ్ళు పెరిగేకొద్దీ ఇరవై ముక్కలు చాలక మొత్తం 52 ముక్కల పేక వచ్చింది. 1861–65 నాటి అంతర్యుద్ధంలో సైనికుల శిబిరాల్లో ఈ ఆట దేశమంతా పాకింది.

టెక్సస్ హోల్డెమ్ తమ రాష్ట్రంలోని రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో పుట్టిందని టెక్సస్ శాసనసభ తీర్మానం చేసింది. లాస్ వేగస్‌కు మాత్రం అది ఆలస్యంగా, 1963లో చేరింది. అక్కడ 1970లో బెన్నీ బినియన్ అనే జూదశాల యజమాని పేరున్న ఆటగాళ్ళను కొందరిని పిలిచి పోటీ పెట్టాడు. ఆ ఏడాది విజేత జానీ మాస్‌ను ఆటగాళ్ళు ఓట్లేసి ఎన్నుకున్నారు! మరుసటి ఏటినుంచి చిప్స్ (పందెం బిళ్ళలు) అన్నీ ఒక్కడి దగ్గరికి చేరేదాకా ఆడే పద్ధతి వచ్చింది. అదే నేటి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్.

ఆట నడిచే తీరు

బల్ల చుట్టూ ఇద్దరినుంచి పదిమంది దాకా కూర్చోవచ్చు. ఒకరి ముందు బటన్ అనే బిళ్ళ ఉంటుంది. ఈ పంపకం అతని పేరు మీద జరుగుతున్నట్టు లెక్క. పంపకం పంపకానికీ బిళ్ళ ఎడమవైపు ఒక స్థానం జరుగుతుంది. బటన్‌కు ఎడమ పక్కనున్నవాడు స్మాల్ బ్లైండ్, ఆ పక్కవాడు దానికి రెట్టింపు బిగ్ బ్లైండ్, ముక్కలు చూడకముందే మధ్యలో పెట్టాలి. మూడు ముక్కలాటలో బూటు పెట్టినట్టే. అయితే అక్కడ అందరూ పెడతారు, ఇక్కడ ఇద్దరే.

తలా రెండు ముక్కలు బోర్లా పంచుతారు. ఎవరివి వారే చూసుకోవాలి. బిగ్ బ్లైండ్‌కు ఎడమనున్నవాడు మొదలుపెట్టి ఒక్కొక్కరే తమ మాట చెబుతారు. ఎదుటి పందేనికి సరిసమానంగా వేస్తే కాల్. పెంచితే రెయిజ్. ముక్కలు పడేస్తే ఫోల్డ్, రమ్మీ భాషలో డ్రాప్. తనకన్నా ముందు ఎవరూ పందెం వేయకపోతే ఏమీ వేయకుండానే వంతు దాటించవచ్చు, దాన్ని చెక్ అంటారు. అందరి పందేలూ సమానమయ్యాక మధ్యలో మూడు ముక్కలు వెల్లకిలా పరుస్తారు. వాటిని ఫ్లాప్ అంటారు. మళ్ళీ ఒక దఫా పందేలు. తర్వాత నాలుగో ముక్క టర్న్, మళ్ళీ పందేలు. ఐదో ముక్క రివర్, ఆఖరి పందేలు. అప్పటికీ ఇద్దరో ముగ్గురో మిగిలితే ముక్కలు తిప్పి చూపిస్తారు. చేతిలోని రెండు, బల్ల మీది ఐదు కలిపి ఏడింట్లో మేలైన ఐదు ముక్కలు ఎవరివో వారిదే పాట్, అంటే మధ్యలో పోగైన చిప్స్ అంతా.

నో-లిమిట్ ఆటలో ఎవరి వంతులో వారు తమ ముందున్న మొత్తాన్ని ఒక్కసారే తోసేయవచ్చు. దాని పేరు ఆల్-ఇన్. చిప్స్ తక్కువున్నవాడు తాను పెట్టినంత మేరకే గెలుస్తాడు. అంతకు మించిన పందెం తక్కినవారి మధ్య వేరే పాట్‌గా నడుస్తుంది. డబ్బున్నవాడు లేనివాణ్ణి కేవలం డబ్బుతో తరిమేయకుండా ఈ ఏర్పాటు.

ఏ చేయి పెద్దది

52 ముక్కల్లోంచి ఐదు ముక్కల చేతులు 25,98,960 రకాలుగా వస్తాయి. ఏది ఎంత అరుదైతే అంత పెద్దది. ఇదొక్కటి పట్టుకుంటే వరస కంఠతా పట్టే పని తగ్గుతుంది. ఒకే రంగులో పదినుంచి ఆసు దాకా వచ్చే రాయల్ ఫ్లష్ మొత్తంలో 4 చేతులే. తక్కిన ఒకే రంగు వరసలు, అంటే స్ట్రెయిట్ ఫ్లష్‌లు, 36. నాలుగు ఒకే విలువ ముక్కలు పడితే 624. మూడు ఒకటి, రెండు ఒకటి కలిసిన ఫుల్ హౌస్‌లు 3,744. ఐదూ ఒకే రంగైన ఫ్లష్‌లు 5,108, రంగు కలవని వరసలు 10,200. ఆ కింద మూడు ఒకటైన చేయి, రెండు జతలు, ఒక్క జత. ఏమీ కుదరని చేతులే 13 లక్షల పైచిలుకు, అంటే మొత్తంలో సగానికి కాస్త ఎక్కువ.

మూడు ముక్కలాట తెలిసినవారు ఇక్కడే తడబడతారు. అక్కడ వరస వస్తే కలర్‌ను కొడుతుంది, ఇక్కడ కలర్ వరసను కొడుతుంది. కారణం లెక్కలోనే ఉంది. మూడు ముక్కల్లో రంగు కలవని వరసలు 720, వరస లేని కలర్‌లు 1,096. ఐదు ముక్కలకు వచ్చేసరికి ఈ అరుదుతనం తలకిందులైంది. సరదా ఏమిటంటే, మూడు ముక్కలాటలో అన్నిటికన్నా పెద్దదైన ట్రయల్ (మూడూ ఒకే విలువ ముక్కలు) 52 రకాలుగా వస్తుంది, దాని కింద ఉండే ఒకే రంగు వరస 48 రకాలుగానే వస్తుంది. సంక్రాంతి బరుల పక్కన చాపలు పరిచి ఆడేవాళ్ళకు ఈ నాలుగు చేతుల తేడా ఎన్నడూ అడ్డురాలేదు.

ఒకే రకం చేయి ఇద్దరికి పడితే పెద్ద ముక్క గెలుస్తుంది. ఒకరి దగ్గర ఆసు-రాజు, ఇంకొకరి దగ్గర ఆసు-ఏడు ఉండి బల్ల మీద ఆసు పడిందనుకుందాం. ఇద్దరికీ ఆసుల జతే. కానీ పక్క ముక్కగా రాజు ఏడును కొడుతుంది. ఆ పక్క ముక్కను కిక్కర్ అంటారు. కొత్తవారి చిప్స్ ఎక్కువగా కరిగిపోయేది ఇలాంటి చోటే: ఆసు కనబడగానే పక్క ముక్కను మరిచిపోతారు.

పడేయడం ఎప్పుడు

రెండు ముక్కలు 1,326 రకాలుగా పడతాయి. రంగుల తేడాలు తీసేస్తే అసలు రకాలు 169. వీటిలో రెండు ఆసులు 221 పంపకాలకు ఒకసారి వస్తాయి. ఏదో ఒక జత 17 పంపకాలకు ఒకసారి. మిగతా ఎక్కువ భాగం చెత్తే. రంగు కలవని ఏడు-రెండు అన్నిటికన్నా అధ్వానమైన చేయిగా పేరుపడింది. నిండా మంది ఉన్న బల్ల దగ్గర నిలకడగా ఆడేవాళ్ళు పదింట్లో రెండు పంపకాలకు అటూఇటూగా దిగుతారు, మిగతావి మాట్లాడకుండా పడేస్తారు. టీవీలో పోకర్ చూసి నేర్చుకున్నవారికి ఇది చప్పగా ఉంటుంది. టీవీవాళ్ళు పడేసిన పంపకాలు చూపించరు మరి.

రెండు ఆసులు కూడా వరమేమీ కాదు. ఏ ముక్కలున్నాయో తెలియని ఒక్క ప్రత్యర్థి మీద అవి నూటికి 85 సార్లు గెలుస్తాయి. అదే ఎనిమిది మంది ప్రత్యర్థులు ఆఖరిదాకా ఉంటే గెలుపు నూటికి 35కు పడిపోతుంది. అందుకే మంచి ముక్కలు పడ్డప్పుడు నోరు మూసుకుని అందరినీ లోపలికి రానివ్వడం కన్నా, మొదట్లోనే పెంచి ఒకరిద్దరు తప్ప మిగతావారు వెళ్ళిపోయేలా చేయడం మేలు. ఆసు-రాజు చూడముచ్చటగా ఉంటుంది గాని, ఫ్లాప్ మీద ఆసో రాజో పడేది మూడింట ఒకసారే.

ఏ కుర్చీలో కూర్చున్నామన్నదీ ముక్కలంత ముఖ్యం. ఫ్లాప్ తర్వాత బటన్ దగ్గరున్నవాడు అందరికన్నా ఆఖర్న మాట్లాడతాడు. బేరంలో ఆఖరి మాట ఎవరిదో వారికే లాభమన్నది సంతకు వెళ్ళిన ప్రతివారికీ తెలిసిందే. అందుకే బటన్ దగ్గర ఆడదగ్గ రాణి-తొమ్మిదిని, మొదట మాట్లాడాల్సిన చోట పడేయాలి. ముక్కలు అవే, కుర్చీ మారింది, ధర మారింది.

ధర లెక్క

పోకర్ లెక్కలో మిగతా అన్నిటికీ ఆధారమైనది ఒక్క భాగహారం. ఒక ఉదాహరణ చూద్దాం. చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు తొమ్మిది ఉన్నాయి. ఫ్లాప్ మీద ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, డైమను జాకీ పడ్డాయి. టర్న్‌లో కళావరు రెండు వచ్చింది. ఇంకొక ఇస్పేటు పడితే ఫ్లష్. పేకలో 13 ఇస్పేట్లు, కనబడుతున్నవి 4, మిగిలినవి 9. కనబడని ముక్కలు 46. కాబట్టి రివర్‌లో ఇస్పేటు పడే అవకాశం నూటికి 20కి ఒక పిసరు తక్కువ. ఆసు పడినా జత అవుతుంది గాని, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

పాట్‌లో 400 ఉంది. ప్రత్యర్థి 100 వేశాడు. అంటే 500 గెలవడానికి 100 పెట్టాలి. ఈ 100 కలిపితే మొత్తం 600, అందులో మన వాటా ఆరో వంతు, నూటికి 17కు దగ్గర. గెలిచే అవకాశం అంతకన్నా ఎక్కువుంది గనుక ధర చవక, కాల్ చేయవచ్చు. అదే ప్రత్యర్థి 400 వేస్తే, 800 కోసం 400 పెట్టాలి, వాటా మూడో వంతు. అవకాశం చూస్తే ఐదో వంతు కూడా లేదు. పడేయాలి. ఇస్పేటు వచ్చాక ప్రత్యర్థి దగ్గర ఇంకా ఎంత రాబట్టవచ్చన్నది అనుభవజ్ఞుల లెక్కలోకి వస్తుంది. కొత్తవారికి పై భాగహారమే చాలు.

బల్ల దగ్గర కాగితం తీయలేరు గనుక ఒక నోటిలెక్క వాడుకలో ఉంది. పనికొచ్చే ముక్కల్ని లెక్కపెట్టి, ఇంకా రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో, ఒక్కటే మిగిలితే రెండుతో గుణించాలి. తొమ్మిది ముక్కలకు 36, 18 వస్తాయి. అసలు లెక్క 35, 19.6. రెండు వైపులా తెరుచుకున్న వరసకు పనికొచ్చే ముక్కలు 8, మధ్యలో ఒక్క ముక్క లేని వరసకు 4. రెండో రకం వరసను నమ్ముకుని పెద్ద పందేలకు కాల్ చేసేవాళ్ళే బల్లకు మహారాజపోషకులు.

ఈ లెక్క సరిగ్గా వేసినవాడు ఈ పంపకంలో గెలుస్తాడన్న హామీ లేదు. ఇస్పేటు ఐదింట నాలుగుసార్లు పడదు. చాలా పంపకాల మీదే ఫలితం తేలుతుంది. పోకర్ ఆటగాళ్ళు ఓడిన పంపకాన్ని కూడా బాగా ఆడానని చెప్పుకోవడం బయటివారికి బుకాయింపులా వినిపించేది ఇందుకే. ఓటమి తర్వాత కసితో పందేలు పెంచేయడాన్ని టిల్ట్ అంటారు. లెక్క వచ్చినవాళ్ళను ముంచేది ఎక్కువగా అదే. దానికి తోడు జూదశాల ప్రతి పాట్‌లోంచి కొంత కోత కోసుకుంటుంది. బల్ల దగ్గరున్నవారంతా సమాన ఉజ్జీలైతే, ఆ కోత వల్ల అందరూ నష్టపోతారు.

బుకాయింపు

గణిత శాస్త్రజ్ఞుడు జాన్ ఫాన్ నాయ్‌మన్ ఆటల సిద్ధాంతానికి పునాది వేసింది 1928లో. ఆస్కర్ మార్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో ప్రచురించిన పెద్ద గ్రంథంలో పోకర్‌కు ఒక అధ్యాయమే ఇచ్చాడు. చదరంగంలో అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. దాచడం, నమ్మించడం ఉండే పోకరే లోకవ్యవహారానికి దగ్గరని ఆయనకు అనిపించింది. ఆయన తేల్చిన ఒక విషయం ఇప్పటికీ కొత్తవారికి మింగుడుపడదు: బుకాయించాల్సింది ఓ మాదిరి ముక్కలతో కాదు, మరీ పనికిరాని ముక్కలతో. ఓ మాదిరి చేయి చెక్ చేసుకుంటూ పోయినా ఆఖర్న గెలవవచ్చు. చెత్త చేతికి బుకాయింపు తప్ప వేరే దారి లేదు.

ఎంత తరచుగా బుకాయించాలన్నదీ లెక్కే. పాట్‌లో 100 ఉన్నప్పుడు 100 వేసి బుకాయిస్తే, సగం సార్లు ఎదుటివాడు పడేస్తే నష్టముండదు. 50 మాత్రమే వేస్తే మూడింట ఒకసారి పడేసినా చాలు. అసలు బుకాయించనివాడు పందెం వేస్తే ఎవరూ కాల్ చేయరు, మంచి ముక్కలకు కూడా అతనికి గిట్టుబాటు ఉండదు. ఇక ఎదుటివాడు ఏ ముక్కలనైనా పట్టుకుని వదలని రకమైతే, అతని దగ్గర బుకాయింపు డబ్బు దండగ.

పోకర్ చరిత్రలో ఎక్కువగా చెప్పుకునే బుకాయింపు 2003 వరల్డ్ సిరీస్ ఆఖరి ఇద్దరి మధ్య జరిగింది. ఒకరు అనుభవం పండిన శామీ ఫర్హా. రెండోవాడు టెనెసీ రాష్ట్రంలో లెక్కలు రాసుకునే 27 ఏళ్ళ క్రిస్ మనీమేకర్. అది నిజంగానే అతని ఇంటిపేరు. అతను 10,000 డాలర్ల ప్రవేశ రుసుము ఉన్న ఆ పోటీకి ఆన్‌లైన్‌లో 86 డాలర్ల అర్హత పోటీ గెలిచి వచ్చాడు. మనీమేకర్ చేతిలో రాజు-ఏడు, ఫర్హా దగ్గర రాణి-తొమ్మిది. బల్ల మీద తొమ్మిది ఉంది గనుక ఫర్హాకు తొమ్మిదుల జత, ఆ పంపకానికి అదే పైచేయి. మనీమేకర్ అటు ఫ్లష్‌కూ ఇటు వరసకూ ఎదురుచూశాడు, రివర్‌లో ఏదీ పడలేదు. చేతిలో జత కూడా లేకుండా ఆల్-ఇన్ అన్నాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి గెలిచే ముక్కల్ని పడేశాడు. 839 మంది పాల్గొన్న ఆ పోటీలో మనీమేకర్ 25 లక్షల డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడు పోటీకి 2,576 మంది వచ్చారు. 2023లో ఆ సంఖ్య పదివేలు దాటింది.

దీనికి విరుగుడుగా, బుకాయింపుతో కాక ముక్కలు కలిసొచ్చి గెలిచిన డాయిల్ బ్రన్సన్ కథ చెప్పాలి. 1976, 1977 వరల్డ్ సిరీస్‌లలో వరసగా రెండుసార్లు ఆయన గెలిచిన ఆఖరి పంపకంలో చేతిలో ఉన్నవి పది-రెండు. రెండుసార్లూ ఫుల్ హౌస్ పడింది. ఆ చేయికి ఇప్పటికీ ఆయన పేరే. అంతమాత్రాన పది-రెండు మంచి చేయి అయిపోలేదు.

యంత్రం కూర్చుంటే

చదరంగంలో కంప్యూటర్ ప్రపంచ విజేతను 1997లోనే ఓడించింది. పోకర్‌లో ఆ రోజు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు ఇద్దరే ఆడే, పందేలకు పరిమితి ఉన్న హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా ఛేదించారు. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టుయోమాస్ సాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ పిట్స్‌బర్గ్‌లో నలుగురు నిపుణులతో 20 రోజులపాటు 1,20,000 పంపకాలు ఆడింది. 17 లక్షల డాలర్ల విలువ కట్టిన చిప్స్ గెలుచుకుంది, అవి నిజం డబ్బు కాదనుకోండి. ఎదుటివారి ముఖం చూడలేని యంత్రం ఇంతలా గెలవడంతో ఒక సంగతి తేటపడింది: ముఖాలు చదవడం సినిమాల్లో చూపించినంత పెద్ద ఆయుధం కాదు. నేటి యువ ఆటగాళ్ళు ముఖాలకన్నా ముందు లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ దగ్గర కూర్చుంటున్నారు.

నైపుణ్యమా, అదృష్టమా

ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, టామస్ మైల్స్ 2010 వరల్డ్ సిరీస్ లెక్కలు తీశారు. పోటీకి ముందే నిపుణులుగా పేరున్న 720 మందికి పెట్టుబడి మీద 30 శాతం పైగా లాభం వచ్చింది. మిగతావారికి సగటున 15 శాతం పైగా నష్టం. నైపుణ్యం ఉందనడానికి ఇది గట్టి రుజువే. ఒక్క రాత్రి ఆటలో మాత్రం అదృష్టానిదే పెత్తనం.

భారతదేశంలో ఈ ప్రశ్న న్యాయస్థానాలకు ఎక్కింది, అందులో తెలుగునేలది మొదటి వరస. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన, 1968 నాటి లా రిపోర్టుల్లోకెక్కిన తీర్పు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి అన్నది కోర్టు ఇచ్చిన కారణం. మూడు ముక్కలాటను మాత్రం ఉత్త అదృష్టం ఖాతాలోనే ఉంచింది. పోకర్ ఈ రెంటి నడుమ చిక్కింది. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం పోకర్‌ను జూదం నిర్వచనం నుంచి మినహాయించింది. నాగాలాండ్ 2016 చట్టం దాన్ని నైపుణ్యపు ఆటల్లో చేర్చింది. గుజరాత్ హైకోర్టు 2017లో అది అదృష్టపు ఆటేనన్నది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా పక్కన పెట్టేసి, డబ్బు పందేలతో నడిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది.

ఆట నేర్చుకోవడానికి డబ్బుతో పనిలేదు. ఒక పేక, తలా వంద చింతగింజలు ఉంటే నలుగురు కూర్చోవచ్చు. ఒక్క సూచన: ఆఖర్న ఎవరి దగ్గర ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టే ముందు, ఎవరు ఎన్ని పంపకాల్లో ఫ్లాప్ చూడకుండానే ముక్కలు పడేశారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగైదు సాయంత్రాలయ్యాక ఆ కాగితాన్నీ గింజల లెక్కనీ పక్కపక్కన పెట్టి చూడండి.